సినిమా చూసి నాలుగు మాటలు రాయాలంటే

పలాసలో మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. ఆమె వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. సంక్రాంతికి తలంటు పోసుకుని, సున్నిపిండి పెట్టి ఎంత రుద్దుకున్నా ఆ నలుపు వదిలేది కాదు. పిక్క పెంకులో ఉండే జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే పనికి కూర్చునే ముందు చేతులకి బూడిదో ఆముదమో పూసుకుంటారు. పూసుకున్నా కాలేది కాలుతూనే ఉంటుంది.

ఓసారి ఆమెని సినిమాకి తీసుకెళ్లాను. అందులో కథానాయిక జీడి ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల. పాత చీర కట్టారు, జుట్టు రేపారు, మొహానికి కాస్త మసి కూడా పూశారు. ఆ అమ్మాయి పిక్క చేతిలోకి తీసుకోగానే కెమెరా వేళ్ల దగ్గరికి వెళ్లింది. తెల్లటి వేళ్లు, తీర్చిన గోళ్లు. పెద్దమ్మ నా మోచెయ్యి పొడిచి, "ఓలమ్మా, ఆ గుంట సేతులు సూడ్రా! అయి పిక్క ముట్టిన సేతులేనేటి?" అంది.

మర్నాడు ఆ సినిమా మీద దొరికిన రివ్యూలన్నీ చదివాను. మొదటి సగం బాగుందన్నారు, రెండో సగం సాగిందన్నారు, కథానాయిక పాత్రలో ఒదిగిపోయిందన్నారు. చేతుల ఊసు ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా ఆ సినిమా గురించి నేను విన్నవాటిలో అసలైన విమర్శ ఆమెదే. తెర మీద ఉన్నది చూసింది, దాన్ని తన బతుకుతో పోల్చి చూసుకుంది, తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు కుర్రాళ్లు, ఆడపిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు: సినిమా గురించి రాయాలనుంది, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి అని. సినిమా స్కూలు మెట్లు ఎక్కలేదనీ, ప్రపంచ సినిమా చూడలేదనీ వాళ్లకో బెరుకు. ఆ చదువు వద్దనను, దొరికితే చదువుకోండి. కానీ మా పెద్దమ్మ చేసిన పని చేయడానికి అంతవరకూ ఆగక్కర్లేదు. ఆమె హాల్లో ఒక్క క్షణంలో చేసిన పనిని మనం కాగితం మీద ఓపిగ్గా చేయాలి. ఆ పద్ధతి నాకు తెలిసినంతలో చెబుతాను.

టికెట్ కొనక ముందు

చూడబోయే సినిమా గురించి ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిది. ఎవరో ఐదుకి రెండున్నర ఇచ్చారని తెలిసి వెళ్తే, ఆ రెండున్నర కోసమే వెతుక్కుంటారు. వీలైతే హాల్లోనే చూడండి, అదీ జనం నిండిన ఆట చూడండి. ఇంట్లో ఫోన్లో చూస్తే సినిమా కనిపిస్తుంది గానీ, దాన్ని చూస్తున్న మనుషులు కనిపించరు. వాళ్లు కూడా మీ విషయంలో భాగమే. జేబులో మడిచిన కాగితం ఒకటి, పెన్సిలు ఒకటి ఉంచుకోండి. చీకట్లో పెన్ను రాస్తోందో లేదో తెలియదు.

మొదటిసారి

మొదటిసారి విమర్శకుడిలా కూర్చోకండి. నవ్వొస్తే నవ్వండి, ఏడుపొస్తే ఏడవండి. కెమెరా ఎక్కడ పెట్టాడు, ఎడిటింగ్ ఎలా ఉంది అని చూస్తూ కూర్చుంటే సినిమా మిమ్మల్ని ముట్టుకోదు. ముట్టుకోని సినిమా గురించి రాయడానికేమీ ఉండదు.

కాగితం మీద మాత్రం ఒళ్లు చేసిన పనులు రాసుకోండి. గొంతు ఎక్కడ పట్టేసింది, సీటు చివరికి ఎప్పుడు జరిగారు, చెయ్యి ఫోన్ మీదికి ఎప్పుడు పోయింది. ఒక్కో మాట చాలు: "బావి దగ్గర", "తండ్రి చెప్పు", "రెండో పాట, ఫోన్". బుద్ధి మనకి అబద్ధం చెబుతుంది, గొప్ప సినిమా కదా నచ్చే ఉంటుందని నచ్చజెబుతుంది. ఒంటికి ఆ విద్య తెలియదు.

ఇంకొకటి ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. హాలంతా నవ్వినప్పుడు మీకు నవ్వు రాలేదనుకోండి, లేదా మీరొక్కరే నవ్వారనుకోండి, అక్కడో గుర్తు పెట్టండి. నా మట్టుకు రాయడానికి దొరికిన మంచి సంగతులన్నీ అలాంటి చోట్లనుంచే వచ్చాయి. ఎందుకో కింద చెబుతాను.

ఆ రాత్రే

ఇంటికొచ్చాక ఎవరి రివ్యూ చదవకుండా, ఎవరితోనూ వాదించకుండా పావుగంట కూర్చోండి. కళ్లు మూసుకుంటే ఏం కనబడుతోంది? కథ కాదు, బొమ్మ. ఒక మొహమో, ఒక గదో, ఎవరో తలుపు వేసిన తీరో. దాన్ని ఉన్నదున్నట్టు రాయండి. ఎందుకు గుర్తుండిపోయిందో ఇప్పుడే తెలియనక్కర్లేదు.

రెండు రోజులాగి మళ్లీ కళ్లు మూసుకోండి. మొదటి రాత్రి కనబడినవాటిలో చాలావరకు చెరిగిపోయి ఉంటాయి. ఒకటో రెండో మిగులుతాయి. మీ వ్యాసం వాటిలోనే ఉంది. సినిమా మొత్తం గురించి రాయాలనుకుంటే ఏదీ రాయలేరు. రెండున్నర గంటల సినిమా అంటే సెకనుకి 24 చొప్పున రెండు లక్షల పదహారు వేల బొమ్మలు. అందులో మీతో ఇంటికొచ్చినదాన్ని పట్టుకోండి.

ఒక్క సీను పట్టుకుని కూర్చోవడం

అసలు పని ఇక్కడుంది, ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. మీకు మిగిలిన ఆ సీను మళ్లీ చూడాలి. ఫోన్లో దొరికితే సుఖం. లేదంటే మళ్లీ టికెట్ కొనడమే, ఆ ఖర్చు వృథా పోదు. ఆ సీనుని మూడు విధాలుగా చూడండి. ఒకసారి మామూలుగా, ఒకసారి సౌండ్ ఆపేసి, ఒకసారి కళ్లు మూసుకుని వింటూ. సౌండ్ ఆపితే ఎవరు ఎవరివైపు చూస్తున్నారో తెలుస్తుంది. కళ్లు మూస్తే, మీకు ఏడుపు తెప్పించింది నటుడా వీణా అన్నది తేలిపోతుంది. ఎన్నిసార్లు కట్ అయిందో, అంటే ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలైందో, వేళ్ల మీద లెక్కపెట్టండి. నిమిషంలో మూడు కట్లున్న సీనుకీ ముప్పై కట్లున్న సీనుకీ మధ్య తేడా, మనిషి పక్కన కూర్చుని మాట్లాడ్డానికీ బస్సు కిటికీలోంచి అరిచి చెప్పడానికీ ఉన్నంత ఉంటుంది.

ఒక సీను ఊహించుకుందాం. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషను. కొడుకు చెన్నైకి బిల్డింగ్ పనికి పోతున్నాడు. తల్లి సాగనంపడానికి వచ్చింది, చేతిలో అన్నం మూట. మన జిల్లాల్లో ఈ సీను చూడని ప్లాట్‌ఫారం లేదు. దీన్ని తెర మీద ఎలా పెట్టొచ్చు?

ఒక దర్శకుడు తల్లి మొహం క్లోజప్‌లో పెడతాడు, కొడుకు మొహం క్లోజప్‌లో పెడతాడు, కన్నీళ్లు, వెనక షెహనాయి. రైలు కదులుతుంటే తల్లి నెమ్మదిగా పరుగెడుతుంది. మనం ఏడుస్తాం. హాలు దాటగానే మర్చిపోతాం కూడా, ఎందుకంటే ఆ తల్లి ఏ తల్లైనా కావచ్చు.

ఇంకో దర్శకుడు కెమెరాని జనరల్ బోగీలో పెడతాడు. తలుపు దగ్గర కిక్కిరిసిన భుజాల మధ్యలోంచి తల్లి కనబడుతుంది. రైలు కదిలాక చిన్నదవుతుంది, ఇంకా చిన్నదవుతుంది, సిమెంటు బెంచీ వెనక మాయమవుతుంది. ఈ సీను వెళ్లినవాడిది. ఊరు అతనికి ఇకమీదట ఎలా కనబడుతుందో ఆ కాసేపట్లోనే తెలిసిపోతుంది.

మూడో దర్శకుడు కెమెరాని ప్లాట్‌ఫారం మీదే ఉంచేస్తాడు. రైలు పోయింది, చప్పుడు పోయింది. తల్లి నిలబడే ఉంది. తర్వాత వంగి, కొడుకు తాగి పడేసిన నీళ్ల సీసా తీసుకుని, కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. సీసా ఇంట్లో పనికొస్తుంది. బయట ఆటోవాడితో ఐదు రూపాయల దగ్గర బేరం ఆడింది. పాట లేదు, కన్నీళ్లు లేవు. కానీ కొడుకు పంపే డబ్బు ఆ ఇంటికి ఏమిటో, అతను లేని రోజులు ఎలా గడుస్తాయో ఆ సీసాలో ఉంది.

నేనైతే మూడోదాని పక్షం. వలస కథని మనవాళ్లు ఎప్పుడూ వెళ్లినవాడి కథగానే చెబుతారు, మిగిలిపోయినవాళ్ల దగ్గర కెమెరా ఆగదు. అయితే ఇక్కడ మీరు నేర్చుకోవాల్సింది నా పక్షం కాదు. సంగతి ఒకటే, మాటలు దాదాపు అవే, కెమెరా నిలబడిన చోటు మారేసరికి బతుకు గురించి చెప్పేది మారిపోయింది. "ఈ సీనులో నేను ఎవరి పక్కన నిలబడ్డాను?" అని అడగండి. "కట్ అయ్యాక ఎవరి దగ్గర ఉండిపోయాను?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు అడగడం అలవాటైతే సగం విమర్శ వచ్చేసినట్టే.

కట్ ఎంత పని చేస్తుందో తెలియడానికి పాత ప్రయోగం ఒకటి చెబుతాను. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు, మొజూఖిన్ అనే నటుడి మొహం షాట్ ఒకటి తీసుకున్నాడు. ఆ మొహంలో చెప్పుకోదగ్గ భావమేమీ లేదు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఇంకోసారి శవపేటికలో పిల్ల, మరోసారి ఒక ఆడమనిషి వచ్చేలా అతికించాడు. చూసినవాళ్లు అతని మొహంలో ఆకలి కనబడిందన్నారు, దుఃఖం కనబడిందన్నారు, కోరిక కనబడిందన్నారు. మొహం మాత్రం ఒక్కటే. ఇది తెలిశాక "ఎంత బాగా నటించాడో" అని రాసే ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ మొహానికి ముందు ఏం చూపించారో వెనక్కి వెళ్లి చూసుకుంటారు.

మీకు తెలిసిన బతుకుతో పోల్చి

ఇప్పుడు పెద్దమ్మ పని. మీకు బాగా తెలిసిన లోకం ఏదో ఒకటి ఉంటుంది. జూట్ మిల్లు కావచ్చు, సముద్రపు వేట కావచ్చు, సచివాలయంలో ఉద్యోగం కావచ్చు, ఉద్దానంలో డయాలసిస్‌కి తిరిగే ఇల్లు కావచ్చు. సినిమా ఆ లోకంలోకి అడుగుపెట్టినప్పుడు మీకంటే మంచి సాక్షి దొరకడు. చేతులు చూడండి. ఏం తింటున్నారో చూడండి, ఎవరు వడ్డిస్తున్నారో, ఎవరు చివర్న తింటున్నారో చూడండి. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. మన సినిమాల్లో మనుషులకి ప్రేమ, పగ పుష్కలంగా ఉంటాయి, నెలాఖరు మాత్రం ఉండదు.

అయితే తప్పు దొరకగానే పండగ చేసుకోకండి. కుర్రతనంలో నేనూ అదే చేశాను. రైలు నంబరు తప్పు, ఆ రూట్లో ఆ బస్సు లేదు, ఆ పంట ఆ నెలలో కోతకి రాదు అని పేజీ నిండా రాసి ఒక పత్రికకి పంపితే తిరిగొచ్చింది. తిరిగి రావడమే న్యాయం. ఎందుకంటే ఆ తప్పుల వెనక ఏమీ దాగిలేదు. రైలు నంబరు మారినా సినిమా చెప్పేది మారదు. తెల్లటి వేళ్లు అలా కాదు. అవి ఆ పని కాల్చేస్తుందన్న నిజాన్ని దాచేశాయి. కథానాయిక పేదదే గానీ ఆ పేదరికం ఆమె ఒంటిని తాకకూడదు, తాకితే మనం ఆమెను అందగత్తెగా చూడలేమని సినిమా భయపడింది. అది రాయాల్సిన సంగతి. కాబట్టి ప్రతి తప్పునీ "ఇది ఏం దాస్తోంది?" అని అడగండి. ఏమీ దాచకపోతే వదిలెయ్యండి.

ఆ సినిమాలోనే ఇంకో చోట, చనిపోయిన తండ్రి కలలోకి వచ్చి కూతురు జడ విప్పి మళ్లీ అల్లుతాడు. మా వైపు ఏ తండ్రీ అలా జడ వేయడం నేను చూడలేదు. పెద్దమ్మ అక్కడ వెక్కి వెక్కి ఏడ్చింది. తన తండ్రి పోయి నలభై ఏళ్లు. జరగని దాంట్లో కూడా నిజం ఉంటుంది. ఆ జడ గురించి కూడా నాలుగు వాక్యాలు రాయకపోతే చేతుల గురించి రాసే హక్కు మీకు లేదు.

ఇక యాస. నవ్వు రాని చోట గుర్తు పెట్టమన్నది దీనికోసమే. "ఏటి", "ఎల్లిపోనాడు", "నానొచ్చినాను" అనే మాట వినబడగానే హాలు నవ్వుతుంది. మన ఊళ్లో హాలు కూడా నవ్వుతుంది, అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎన్నో సినిమాల్లో మన యాస పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ, అమాయకుడికీ ఇచ్చారు. కథానాయకుడు ఈ ఊళ్లోనే పుట్టి పెరిగానని చెప్పుకుంటాడు, తల్లి యాస మాట్లాడుతుంది, అతను మాత్రం పుస్తకం చదివినట్టు మాట్లాడతాడు. వాడుక భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. వాడుక భాషకి నాటకంలో పట్టం కట్టిన గురజాడది విజయనగరం. అలాంటి నేల మీది మాటకి తెర మీద దక్కింది నవ్వులపాలు కావడమా?

ఈ మధ్య కొన్ని సినిమాల్లో ప్రధాన పాత్రలే ఈ యాస మాట్లాడుతున్నాయి. సంతోషమే. అయినా చెవి పెట్టి వినండి. ప్రేమ చెప్పేటప్పుడు, కోపంతో ఊగిపోయేటప్పుడు, చావు ముందర కూర్చున్నప్పుడు ఆ యాస నిలబడిందా, లేక పెద్ద మాట రాగానే జారిపోయి "ప్రామాణికం" అయిపోయిందా? ఏ భావాలు మన మాటలో పలకవని ఆ సినిమా అనుకుంటోందో అక్కడ దొరుకుతుంది. మీ వ్యాసంలో ఆ డైలాగుని అక్షరం పొల్లుపోకుండా రాసి, అదే సందర్భంలో మీ ఇంట్లో ఎలా అంటారో కింద రాయండి. దానికంటే పెద్ద వివరణ అక్కర్లేదు.

వార్తలోంచి పుట్టిన సినిమా అయితే ఇంకో పని ఉంది. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకి వెళ్లిన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 2020 జనవరిలో వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. 2025లో వచ్చిన "తండేల్" ఈ సంఘటన ఆధారంగా తీసినది. తండేల్ అంటే పడవలో అందరికీ నాయకుడు. సినిమా దాన్ని ప్రేమకథగా చెప్పింది. అందులో తప్పేమీ లేదు, వేటకెళ్లినవాడి కోసం ఒడ్డున ఎదురుచూడ్డం ఆ ఊళ్లలో రోజూ ఉన్నదే. అయితే మన ఒడ్డున సముద్రం ఉండగా ఇక్కడి మనిషి దేశానికి అటు చివర ఉన్న గుజరాత్ దాకా ఎందుకు పోవాలి అన్న ప్రశ్న ఒకటుంది. ఇలాంటి సినిమా చూసేటప్పుడు వాచీ పెట్టుకోండి. ఆ ప్రశ్నకి ఎన్ని నిమిషాలు దక్కాయి, ప్రేమకి ఎన్ని, జైలుకి ఎన్ని, దేశభక్తికి ఎన్ని అని రాసుకోండి. సినిమా దేన్ని ముఖ్యమనుకుందో ఆ నిమిషాలే చెబుతాయి. తర్వాత ఎచ్చెర్ల తీరం వైపు ఒక ఆదివారం వెళ్లి, వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల దగ్గర కూర్చుని, ఆ సినిమాలో ఏది తమదనిపించిందో అడగండి. చెప్పినవాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి.

పక్కన ఒక పుస్తకం

సినిమాలు మాత్రమే చూసి సినిమా గురించి రాస్తే ఆ రాత పలచబడుతుంది. మనకి అదృష్టవశాత్తూ అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని ఆయన తన బతుకులో పెద్ద భాగం దానికే పెట్టారు. పల్లె మీద తీసిన సినిమా చూశాక ఆయన "యజ్ఞం" కథ చదవండి. ఊరి పెద్దల మంచితనం ఎలా పనిచేస్తుందో అందులో తెలిశాక, తెర మీద కనబడే ధర్మప్రభువుల్ని మునుపటిలా చూడలేరు.

విజయనగరంలో ఉన్నవాళ్లకి ఇంకా మంచి అభ్యాసం ఉంది. "కన్యాశుల్కం" నాటకం 1892లో ఈ ఊళ్లోనే మొదట ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని పెంచి తిరగరాశారు. 1955లో పి. పుల్లయ్య సినిమాగా తీశారు. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. ముందు నాటకం చదవండి. తర్వాత సినిమా చూడండి. గిరీశం మాయమాటలు చెప్పి పూట గడుపుకునే మనిషి. జనం ఎంతో ఇష్టపడే కథానాయకుడు ఆ వేషం వేస్తే మనం గిరీశాన్ని ఎక్కువ క్షమిస్తామా, తక్కువ క్షమిస్తామా? నాటకంలో మధురవాణి మాట చివరి వరసకి కూడా వినబడాలి. సినిమాలో ఆమె మాట్లాడక్కర్లేదు, కళ్లెత్తితే చాలు, కెమెరా అక్కడే ఉంది. మాట తగ్గినప్పుడు ఆమె తెలివి తగ్గిందా, పెరిగిందా? నాటకం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న గిరీశం మాటతో ముగుస్తుంది. సినిమా ముగింపు దాని పక్కన పెట్టి, రెండిట్లో గిరీశానికి ఏం దక్కిందో, అతని మాటలు నమ్మిన వితంతువు బుచ్చమ్మకి ఏం దక్కిందో రాయండి. రెండు పేజీలు రాస్తే చాలు, తర్వాత ఏ నవల సినిమాగా వచ్చినా మీకు దారి తెలుస్తుంది.

నాటకం మొదలయ్యేది బొంకులదిబ్బ దగ్గర. పుస్తకం పట్టుకుని ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి ఆ మొదటి రంగం చదవండి. ఊళ్లో పెద్దవాళ్లుంటే, జె.వి. సోమయాజులు, రమణమూర్తి అన్నదమ్ములు ఆ నాటకం ఆడినప్పుడు చూశారేమో కనుక్కోండి. తమ్ముడిది గిరీశం వేషం, అన్నది జిత్తులమారి రామప్పపంతులు వేషం. ఆ అన్నే 1980లో "శంకరాభరణం"లో శంకరశాస్త్రి అయ్యారు. రామప్పపంతులుగా చూసిన మనిషిని శంకరశాస్త్రిగా చూడగలిగారా అని అడిగి, చెప్పింది రాసుకోండి. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ దొరకవు, ఆ మనుషులతోనే పోతాయి.

రాయడం

మొదటి వాక్యం ఆ సీనుతోనే మొదలెట్టండి. సినిమా పేరు, దర్శకుడి పేరు, తారాగణం రెండో పేరాలో వచ్చినా మునిగిపోయేదేమీ లేదు. కథ ఐదు వాక్యాలకి మించి చెప్పొద్దు. ముగింపు బయటపెట్టకుండా మీ మాట చెప్పలేకపోతే, ముందే హెచ్చరించి బయటపెట్టండి.

తర్వాత, అరిగిపోయిన మాటలన్నీ ఏరి పారెయ్యండి. "నటించలేదు, జీవించాడు" అని రాస్తే మీరు ఏం చూశారో నాకు తెలియదు. "అప్పు అడగడానికి వెళ్లినప్పుడు అతను కుర్చీ అంచునే కూర్చున్నాడు, ఎదుటివాడు లేదు అనేదాకా వీపు ఆనించలేదు" అని రాయండి, నాకు ఆ మనిషి కనబడతాడు. "కెమెరా పనితనం కనులపండువ" అనే బదులు "ఆ ఇంట్లో కెమెరా ఎప్పుడూ గుమ్మం బయటే ఉండిపోయింది, వానొచ్చిన రోజున మాత్రం లోపలికి వచ్చింది" అనండి. "సెకండాఫ్ ల్యాగ్" అనే మాట నాకు పడదు. ఏ సీను రెండోసారి వచ్చింది, మొదటిసారి చెప్పనిది అందులో ఏమైనా ఉందా, అది చెప్పండి. మీకు విసుగు వచ్చింది నిజమే, ఆ విసుగుకి చిరునామా ఇవ్వండి.

ఇలా ప్రతి మెచ్చుకోలుకీ, ప్రతి తిట్టుకీ తెర మీది వస్తువు ఒకటి జతచేయండి. జత దొరకని వాక్యాన్ని కొట్టెయ్యండి, ఎంత ముద్దొచ్చినా సరే. చివరికి ఒకటిన్నర పేజీ మిగిలితే అదే మీ వ్యాసం.

నటుడి రంగు, లావు, కులం, ఇంటి సంగతుల జోలికి పోవద్దు. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు. అభిమానులు తిడతారని మాట మార్చొద్దు, తిట్టించుకోవడం కోసం మాట పెంచనూ వద్దు.

సినిమా మనిషి గురించి ఏం చెప్పిందో చెప్పే చోట చాలామంది ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరిపోతారు: మానవ సంబంధాలు, విలువల పతనం, జీవన సత్యం. కిందే ఉండండి. "ఈ సినిమా చూశాక మా నాన్న అన్నం తినేటప్పుడు ఎందుకు మాట్లాడడో నాకు కొంచెం తెలిసింది" అనే వాక్యం ఆ పెద్ద మాటలన్నిటికంటే బరువైనది. రాయడానికి కాస్త ధైర్యం కావాలి, అంతే. నేనూ మొదట్లో రాయలేకపోయాను. పెద్దమ్మ చేతుల గురించి రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది, అప్పటికి ఆమె లేదు.

పంపే ముందు

రాసింది ఇద్దరికి చదివి వినిపించండి. చూసుకుని చదువుకోమని ఇవ్వొద్దు, మీరే పైకి చదవండి. ఒకరు ఆ సినిమాలోని బతుకు తెలిసినవాళ్లు, ఇంకొకరు ఆ సినిమాని పిచ్చిగా ఇష్టపడ్డవాళ్లు. మొదటివాళ్లు "అలగ కాదు" అంటే అక్కడ సరిచేసుకోండి. రెండోవాళ్లు కోప్పడితే, ఏ వాక్యం దగ్గర కోప్పడ్డారో చూడండి. అక్కడ మీ సాక్ష్యం బలంగా ఉంటే ఉంచండి, మీ నోటి దురుసు మాత్రమే ఉంటే తీసెయ్యండి. చదువుతున్నప్పుడు మీ నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం మీది కాదు, ఎక్కడో చదివినది.

చివర్న పేజీ అడుగున తేదీ వేసి, ఏ ఊళ్లో ఏ ఆట చూశారో, పక్కన ఎవరున్నారో రాసి పెట్టుకోండి. అచ్చులోకి పంపేటప్పుడు ఆ గీత కత్తిరించెయ్యొచ్చు. మీ దగ్గరున్న కాపీలో మాత్రం ఉండనివ్వండి. పదేళ్ల తర్వాత అదే సినిమా మళ్లీ చూసి, ఈ కాగితం తీసి, కింద ఇంకో తేదీ వేసి రాయడానికి కొంచెం చోటు వదలండి.